షుగర్ వాళ్ల ఎంసీఆర్ చెప్పులు: పెరియమేట్‌లో కుట్టించుకుని ఏడాదికి పైగా వాడాక

షుగర్ ఉన్నవాళ్లు ఎలాంటి చెప్పులు కొనాలని ఎవరైనా అడిగితే, నేను తిరిగి ఒకటే అడుగుతాను: "మీ అరికాలికి స్పర్శ ఉందో లేదో పరీక్ష చేయించారా?" స్పర్శ బాగున్నవాళ్లు కాలికి సరిగ్గా సరిపోయే మంచి చెప్పులు ఏ షాపులోనైనా కొనుక్కోవచ్చు. స్పర్శ తగ్గినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు చెప్పులు కూడా వైద్యంలో భాగమే. బిళ్లలు ఎంత జాగ్రత్తగా వేసుకుంటారో చెప్పులు కూడా అంత జాగ్రత్తగా వేసుకోవాలి. నేను ఈ రెండో రకం మనిషిని. అందుకే ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరుతో చేసే ఈ చెప్పుల గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

మా పూర్వీకులది నెల్లూరు వైపు. నేను పుట్టి పెరిగింది మాత్రం మద్రాసులోనే. పెరంబూరులోని రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యాను, ఉండేది విల్లివాక్కంలో. షుగర్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఫ్యాక్టరీలో వచ్చిన సరుకును తిప్పి చూసి, గీకి చూసి, నచ్చకపోతే వెనక్కి పంపడం నా పనిలో భాగం. చెప్పులను కూడా అదే కంటితో చూశాను.

ముందు పరీక్ష సంగతి చెప్పాలి, అది లేకుండా ఈ చెప్పుల అవసరం అర్థం కాదు. పాదాల చెకప్‌లో డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమని, నైలాన్ దారం ముక్కలాంటిదాన్ని అరికాలికి ఆనించారు. దాన్ని మోనోఫిలమెంట్ అంటారు. సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడి పడగానే వంగిపోతుంది. "తగిలినప్పుడల్లా చెప్పండి సార్" అన్నారు. ఎడమ కాలికి తగిలినప్పుడల్లా చెప్పాను. కుడి బొటనవేలి కింద దాన్ని ఎప్పుడు ఆనించారో, ఎప్పుడు తీశారో నాకు తెలియనే లేదు. తర్వాత 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కును బొటనవేలి ఎముక మీద పెట్టి, అదురు ఆగినప్పుడు చెప్పమన్నారు. చివరికి ఇంకు పూసిన రబ్బరు మ్యాటు మీద నడిపించారు. కింద కాగితం మీద నా పాదం అచ్చు పడింది. మడమ దగ్గర, వేళ్ల దగ్గర బూడిద రంగు, కుడి బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత మేర చిక్కటి నలుపు. మిగతా చోట్ల కంటే ఆ ఒక్క చోటే ఒత్తిడి చాలా ఎక్కువ పడుతోందని దాని అర్థం. సరిగ్గా అక్కడే నాకు ఆనె కట్టి ఉంది.

స్పర్శ ఉన్న మనిషి నడుస్తున్నప్పుడు తనకు తెలియకుండానే సర్దుకుంటాడు. ఒక చోట నొక్కుకుంటే బరువు పక్కకు వేస్తాడు, రాయి గుచ్చుకుంటే కాలు ఎత్తేస్తాడు. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉండి నరాలు దెబ్బతిన్నవాడికి ఆ కబురు అందదు. రోజుకు వేల అడుగులు అదే చోట పడుతుంటాయి. చర్మం గట్టిపడి ఆనె కడుతుంది. ఆ ఆనె లోపలి కండను ఇంకా నొక్కుతుంది. చివరికి పైన ఏమీ కనబడకుండానే లోపల పుండవుతుంది. సిగరెట్ తాగేవాళ్లకు కాళ్లకు వెళ్లే రక్తనాళాలు కూడా సన్నబడతాయి కాబట్టి ఆ పుండు ఓ పట్టాన మానదు.

ఈ సంగతిని లోకానికి తెలియజెప్పినవాళ్లలో ముఖ్యుడు మన పక్కనే, వెల్లూరులో పనిచేశారు. డాక్టర్ పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టిన ఇంగ్లీషు సర్జన్. 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి (సీఎంసీ) వచ్చారు. కుష్ఠు రోగుల వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోవడం లేదని, నొప్పి తెలియక తగిలే దెబ్బల వల్లే పోతున్నాయని ఆయన చూపించారు. అందుకే వాళ్లకు మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులు తయారు చేయించారు. ఎంసీఆర్ అంటే అదే. తర్వాత అమెరికా వెళ్లి ఇదే లెక్కను షుగర్ రోగుల పాదాలకూ వర్తింపజేశారు. కుష్ఠు రోగులకు మన ప్రభుత్వం ఈ చెప్పులు ఉచితంగా ఇస్తుంది. ఒకప్పుడు అన్నీ ఒకే నల్ల రంగులో, ఒకే తీరులో ఉండేవి. వాటిని వేసుకుంటే ఊరంతా రోగం పోల్చుకుంటుందని చాలామంది వేసుకునేవాళ్లే కాదు. నా చెప్పులు చూసి మా బంధువుల్లో ఒక పెద్దావిడ ముఖం అలాగే మారింది. ఆమెకు ఓపిగ్గా చెప్పాను. కాళ్లను కాపాడే వస్తువును చూసి సిగ్గుపడాల్సిన పని ఏ రోగికీ లేదు.

ఇక షాపు. చెన్నైలో ఈ చెప్పులు కొన్ని షుగర్ ఆసుపత్రుల్లో, సర్జికల్ సామాన్ల షాపుల్లో రెడీమేడ్‌గా దొరుకుతాయి. నా కుడి కాలి లెక్క వేరు కాబట్టి కుట్టించుకోవాలనుకున్నాను. తోలు వ్యాపారానికి చెన్నైలో పెట్టింది పేరు పెరియమేట్. సెంట్రల్‌లో దిగి నడుచుకుంటూ సైడెన్‌హామ్స్ రోడ్డు వైపు వెళ్తే, ఆ సందుల్లో తోలు, సోళ్లు, గమ్ము, బకిల్స్ అమ్మే షాపులు వరసగా ఉంటాయి. నేను వెళ్లింది ఒక మేడ మీది చిన్న వర్క్‌షాపుకి. కుట్టే పెద్దాయనది ఆంబూరు. ఉర్దూ, తమిళం కలిపి మాట్లాడతారు, మనతో వచ్చీరాని తెలుగులో మాట్లాడతారు. పొద్దున ఫోన్ చేస్తే "సాయంత్రం రండి సార్, పొద్దున కొలత తీస్తే రాత్రికి బిగుతవుతుంది" అన్నారు. రోజంతా తిరిగాక పాదం కాస్త వాచి ఉంటుంది, కొలత ఆ పాదానికే తీయాలి. ఈ మాట చెప్పిన షాపువాడిని నేను అంతవరకు చూడలేదు. ఆ ఒక్క మాటతోనే ఆయన మీద గురి కుదిరింది.

కొలత తీసే పద్ధతి కూడా నాకు బాగా నచ్చింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాదు, రెండు కాళ్ల మీద బరువు పెట్టి నిలబడమని పాదం చుట్టూ గీత గీశారు. పెన్సిల్ అటూ ఇటూ వాలకుండా నిటారుగా పట్టుకున్నారు. రెండు కాళ్లకూ వేర్వేరు కాగితాలు. నా కుడి పాదం ఎడమదాని కంటే వెడల్పని నాకు అప్పుడే తెలిసింది. పాదం పైభాగం చుట్టూ టేపు వేసి కొలిచారు. ఆసుపత్రి ఇచ్చిన ఇంకు అచ్చు చూపిస్తే, ఆ నల్ల మచ్చను తన కాగితం మీద గుర్తు పెట్టుకున్నారు. ఆనె మీద వేలు పెట్టి "దీన్ని బ్లేడుతో మీరే కోసుకోవద్దు సార్, ఆసుపత్రిలో తీయించుకోండి" అని కూడా చెప్పారు. డాక్టరమ్మ చెప్పిన మాటా అదే.

చెప్పులు చేతికొచ్చాక ఇంటికి తెచ్చి వెలుతురులో తిప్పి చూశాను. పాదం ఆనే పొర ఎంసీఆర్. అంటే లోపల కంటికి కనబడనంత చిన్న గాలి గదులున్న రబ్బరు. చేతి బొటనవేలితో గట్టిగా నొక్కితే లోపలికి దిగి, వదలగానే పైకి రావాలి. వచ్చింది. దాని కింద గట్టి రబ్బరు సోల్, మేకు గానీ ముల్లు గానీ ఓ పట్టాన దిగనంత గట్టిది. ఈ రెండూ కలిసి ఉండటమే అసలు విషయం. మెత్తదనం ఒక్కటే ఉంటే గాజుపెంకు నేరుగా పాదంలోకి వస్తుంది. సోల్ ముందు భాగం కొంచెం పైకి వంచి ఉంది. అడుగు వేసేటప్పుడు బొటనవేలి మొదట్లో పడే ఒత్తిడి అందువల్ల తగ్గుతుంది. మొత్తం చెప్పులో ఒక్క మేకు లేదు, అంతా గమ్ముతో అతికించి అంచులు కుట్టారు. మేకు వాడితే సోల్ అరిగాక దాని మొన పాదంలోకి వస్తుంది, స్పర్శ లేనివాడికి అది తెలియదు. వేళ్ల మధ్య పట్టీ లేదు. మూడు చోట్ల వెల్‌క్రో పట్టీలు, మడమ వెనక ఒక పట్టీ. మడమ పట్టీని చాలామంది అనవసరం అనుకుంటారు. స్పర్శ తగ్గినవాళ్లకు నడుస్తుండగా చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియదు. పట్టీల లోపలి వైపు వేలు పెట్టి చివరిదాకా లాగి చూశాను, కుట్టు ముడి ఎక్కడా చర్మానికి తగిలేలా లేదు. బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ ఉంది. బయట తిరిగే జతకు రూ.1,850 అయింది. ఆ పనితనానికి అది న్యాయమైన ధర.

కొత్త చెప్పులను మొదటి రోజే పొద్దస్తమానం వేసుకోకూడదు. మొదట గంటసేపు వేసుకుని, విప్పి, పాదం మీద ఎర్రగా కందిందా అని చూసుకుని, రోజురోజుకూ పెంచుకుంటూ పోవాలి. నా ఎడమ చిటికెన వేలి పక్కన ఎర్రటి గీత పడితే మళ్లీ పెరియమేట్ వెళ్లాను. పెద్దాయన డబ్బు తీసుకోకుండా ఆ పట్టీ విప్పి, కాస్త వెనక్కి జరిపి కుట్టారు.

అక్కడే రెండో జత కూడా చెప్పాను, ఇంట్లోకి. దీని మీద మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. "ఏవండీ, ఇంట్లో చెప్పులతో తిరగడమేమిటి? దేవుడి గది ఉన్న ఇల్లు కదా" అంది మా ఆవిడ. ఆమె మాటలో న్యాయం ఉంది. మనం గుమ్మం బయటే చెప్పులు వదిలే మనుషులం. కానీ మంచం కోడు తగిలేది ఇంట్లోనే. వంటింట్లో పగిలిన గ్లాసు ముక్క కాల్లో దిగేదీ, పిల్లలు వదిలేసిన బొమ్మ మీద కాలు పడేదీ ఇంట్లోనే. స్పర్శ పోయినవాళ్లు ఇంట్లో గానీ బయట గానీ వట్టికాళ్లతో, ఉత్త సాక్సులతో, పల్చటి స్లిప్పర్లతో నడవకూడదనే షుగర్ పాదాల నిపుణుల అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. డాక్టరమ్మ అదే మాటను మా ఆవిడకు నేరుగా చెప్పారు. ఇంటికొచ్చాక ఆమే దారి ఆలోచించింది. ఇంటి జత గుమ్మం దాటి బయటకు పోదు, వారానికోసారి సబ్బుతో కడుగుతుంది, దానికి లోపల వేరే అర. దేవుడి గది ముందు ఒక కుర్చీ వేసింది. అక్కడ చెప్పులు విప్పి, కూర్చునే దండం పెట్టుకుని, మళ్లీ తొడుక్కుని లేస్తాను. ఈ చిన్న ఏర్పాటు ప్రతి తెలుగింట్లోనూ చేసుకోవచ్చు. పెద్దవాళ్లకు నచ్చజెప్పేటప్పుడు ఆచారాన్ని కొట్టిపారేయకండి, దానికి చోటు చూపించండి. వింటారు.

గుళ్ల సంగతి ఇంకా కష్టం. మా బావగారు వైశాఖంలో మిట్టమధ్యాహ్నం ఒక గుడి ప్రాకారం చుట్టి వచ్చారు. రాతి బండలు కాలుతుంటే మిగతావాళ్లంతా గెంతుకుంటూ నీడలోకి పరిగెత్తారు. ఆయన ఒక్కరే నెమ్మదిగా, ప్రశాంతంగా నడిచారు. అందరూ ఆయన భక్తికి ముచ్చటపడ్డారు. రాత్రి దుప్పటి మీద తడి చూసి మా అక్కయ్య కాళ్లు తిప్పి చూస్తే రెండు అరికాళ్ల నిండా బొబ్బలు, కొన్ని చితికిపోయి ఉన్నాయి. చివరికి ఎడమ కాలి రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు మనవాళ్లు అరుణాచలం గిరి ప్రదక్షిణకు తండోపతండాలుగా వెళ్తున్నారు. 14 కిలోమీటర్లు, చాలామంది వట్టికాళ్లతోనే. మీ ఇంట్లో కాళ్లు తిమ్మిరెక్కే షుగర్ పేషెంట్ ఉంటే, దయచేసి ఆ నడక వద్దని చెప్పండి. ఆటోలో కూడా గిరి చుట్టి రావచ్చు, పెద్దవాళ్లు ఎంతోమంది అలాగే వస్తారు.

చెప్పుల్లో లోపాలు లేకపోలేదు. మామూలు చెప్పుల కంటే బరువు. నవంబరు వానల్లో తడిస్తే ఆరడానికి చాలాసేపు పడుతుంది, లోపలి లైనింగ్ వాసన వస్తుంది. తడి గ్రానైట్ మీద సోల్ కాస్త జారుతోంది, అడుగు డిజైన్ ఇంకొంచెం లోతుగా ఉండాల్సింది. వెల్‌క్రోలో నూలు, వెంట్రుకలు చేరి పట్టు తగ్గుతుంది. పాత టూత్‌బ్రష్‌తో అప్పుడప్పుడు గీకాలి. ముందు భాగం తెరిచి ఉంటుంది కాబట్టి గులకరాళ్లు దూరతాయి. వేసుకునే ముందు బోర్లించి దులిపి, లోపల చెయ్యి పెట్టి తడిమి చూసుకోవాల్సిందే. ఒకరోజు నా చేతికి చింతగింజ తగిలింది. చూడకుండా తొడుక్కుంటే పగలంతా దాన్ని తొక్కుతూ తిరిగేవాణ్ని. ఆడవాళ్ల చెప్పుల డిజైన్లు ఈ షాపులో చాలా తక్కువ. చీర కట్టుకుని పెళ్లికి వేసుకెళ్లేలా ఒక్కటీ లేదు. అది చిన్న విషయం కాదు, నచ్చని చెప్పులను ఎవరైనా ఇంట్లోనే వదిలేసి వెళ్తారు. షాపు మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. చెప్పిన రోజుకు ఇవ్వరు, వారం పైనే ఆలస్యం అయింది.

ఎంసీఆర్ శాశ్వతం కాదు. ఎనిమిది నెలలు గడిచాక మడమ దగ్గర నొక్కితే దిగింది గానీ పైకి రాలేదు. గాలి గదులు అణిగిపోయాయన్నమాట. చెప్పు పైకి కొత్తగానే కనిపిస్తుంది, అందుకే చాలామంది మార్చరు. పెద్దాయన పై పొర మాత్రం ఊడదీసి కొత్తది అతికించారు, రూ.400 తీసుకున్నారు. ఈ రిపేరు చేసి ఇవ్వడం ఈ షాపులో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. రెడీమేడ్ చెప్పులకు ఈ సౌకర్యం ఉండదు, కొత్త జత కొనాల్సిందే.

ఆన్‌లైన్‌లో, ఎగ్జిబిషన్లలో "డయాబెటిక్ చెప్పులు" అని అమ్మేవాటిని కూడా మావాళ్ల కోసం తెప్పించి చూశాను. వాటిలో ఒక జతకు వేళ్ల మధ్య పట్టీ ఉంది. ఇంకోదాని మీద బుడిపెలు, ఆక్యుప్రెషర్ అట. స్పర్శ లేని కాలికి ఆ బుడిపెలు చేసేది కీడే, ఒక్కొక్కటీ ఒక్కొక్క ఒత్తిడి చోటు. మరో జతలో స్పాంజి నొక్కితే వేలు కింది దాకా దిగిపోయింది. పెట్టె మీద రాసినదాన్ని నమ్మకండి, చెప్పు విప్పి, నొక్కి, లోపల తడిమి చూడండి. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి చేసి 2023లో ప్రచురించిన సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. ఇక్కడ చెన్నైలో అయితే రాయపురంలో 1954లో ప్రొఫెసర్ ఎం. విశ్వనాథన్ పెట్టిన షుగర్ ఆసుపత్రి ఉంది, అడయార్‌లో తోలు పరిశోధన సంస్థ సీఎల్ఆర్ఐ ఉంది, పెరియమేట్ ఉంది. మా నెల్లూరు పల్లెల్లో ఉన్న పేషెంట్లకు నొక్కితే తిరిగి లేచే ఒక మంచి చెప్పు ఎక్కడ దొరుకుతుంది? ఈ బాధ నాకు నిజంగా ఉంది.

చెప్పులు ఎంత మంచివైనా కాళ్లు చూసుకునే పని తప్పదు. రాత్రి భోజనం అయ్యాక మంచం మీద కూర్చుని, నేల మీద చేతి అద్దం పెట్టి అరికాళ్లు చూసుకుంటాను. వేళ్ల సందులు మా ఆవిడ చూస్తుంది, నా చూపు అంత బాగా ఆనదు. గోరువెచ్చటి నీళ్లతో కడుగుతాను. వేడి ఎంతుందో కాలితో కాదు, మోచేత్తో చూడాలి. వేళ్ల మధ్య తడి లేకుండా తుడిచి, అరికాలికి, మడమకు కొబ్బరినూనె రాస్తాను. వేళ్ల సందుల్లో రాయను, అక్కడ తేమ నిలిస్తే ఒరుస్తుంది. గోళ్లు మూలలు లోపలికి తీయకుండా అడ్డంగా, సమంగా కత్తిరించుకుంటాను. పాదం ఎర్రగా, వేడిగా, వాచినట్టు ఉంటే నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు, ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ఈ చెప్పులు వచ్చాక నా నడక మళ్లీ మొదలైంది. అంతకుముందు కాలికి ఏమవుతుందోనన్న టెన్షన్‌తో పార్కు మానేశాను. ఇప్పుడు పొద్దున అరగంట, రాత్రి తిన్నాక పదిహేను నిమిషాలు. వారానికి కనీసం 150 నిమిషాల నడక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అది సులువుగానే దాటుతున్నాను. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించి, కూర, పప్పు పెంచాను. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.6 నుంచి 7.3కి దిగింది. తగ్గించింది చెప్పులు కాదు, నడక, తిండి, మందులు. కానీ ఆ నడకకు ధైర్యం ఇచ్చింది ఈ చెప్పులే. కుడి బొటనవేలి కింద ఆనె ఆసుపత్రిలో తీయించాక మళ్లీ అంత మందంగా కట్టలేదు.

ఇప్పటికే పుండు ఉన్నవాళ్లు, పాదం ఆకారం మారిపోయినవాళ్లు నేరుగా ఈ షాపుకు వెళ్లవద్దు. వాళ్లకు ఒత్తిడి తప్పించే కట్టు గానీ, అచ్చు తీసి చేసే ప్రత్యేకమైన బూటు గానీ కావాలి, అది పాదాల డాక్టరు నిర్ణయించాలి. మిగతావాళ్లు వెళ్లేటప్పుడు ఇంకు అచ్చు ఉంటే పట్టుకెళ్లండి. రోజూ వాడే పాత చెప్పులు కూడా తీసుకెళ్లండి, అవి ఎక్కడ ఎక్కువ అరిగాయో చూసి పెద్దాయన సోల్ ఎక్కడ ఎత్తాలో చెబుతారు. ఆదివారం మూసి ఉంటుంది. బిల్లు అడిగితేనే ఇస్తారు, అడిగి తీసుకోండి.